మా వాకిట్లో కుంగిన గచ్చు

వాన పడిందంటే చాలు, మా వాకిట్లో నీళ్ళు వీధిలోకి పోకుండా గుమ్మంవైపు వచ్చేవి. ఇంటి ముందు పోయించిన కాంక్రీటు గచ్చు మధ్యలో పళ్ళెంలా కుంగిపోయింది. గేటు దగ్గర మొదలైన బీట వంకరటింకరగా బోరింగు దాకా సాగింది. బీటకి ఒక పక్క ఎత్తు, ఇంకో పక్క రెండు వేళ్ళ మందాన పల్లం. పొద్దున్నే బడికి వెళ్ళేముందు ఈనెల చీపురు పట్టుకుని ఆ నీళ్ళన్నీ బయటికి తోసేదాన్ని. చీర కుచ్చిళ్ళు తడిసిపోయేవి. ఆ తడి కుచ్చిళ్ళతోనే వెళ్ళి పిల్లలకి ఎక్కాలు చెప్పేదాన్ని. సాయంత్రం తిరిగొచ్చేసరికి మళ్ళీ అన్ని నీళ్ళూ అక్కడే ఉండేవి. ఇలా నాలుగు వానాకాలాలు గడిచాయి.

మాది జలంత్రకోట. నేను పక్క ఊళ్ళో సర్కారు బడిలో టీచర్ని. మా ఆయన టెక్కలిలో ఒక ఆఫీసులో గుమాస్తా. పొద్దున్నే హైవే మీద బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకి దిగుతారు. అందువల్ల ఇంటి దగ్గర మేస్త్రులతో మాట్లాడటం, సిమెంటు తెప్పించడం, పని బాగా లేకపోతే తగువు పెట్టుకోవడం, అన్నీ నా వంతే. ఆ గచ్చు పోయించాలని పట్టుబట్టిందీ నేనే. అంతకుముందు మా వాకిలంతా ఇసుక. ఎంత ఊడ్చినా కాళ్ళతో ఇంట్లోకి వచ్చేది, పక్కబట్టల్లో చేరేది. వేసవిలో మా తోటలో జీడిపిక్కలు రాలినప్పుడు ఎండబెట్టుకోవడానికి చోటుండేది కాదు. ఎవరి గచ్చో అడిగి, వాళ్ళ పిక్కలు ఎండేదాకా కాసుకుని ఉండాల్సి వచ్చేది. మనకీ ఒక గచ్చు ఉంటే ఈ దేవుళ్ళాట తప్పుతుందని మా ఆయన్ని ఒప్పించాను.

పని మా చర్చి సంఘంలోని మేస్త్రికే అప్పగించాం. ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అన్నయ్యా అనేదాన్ని. ఆదివారం ఆరాధనకి వచ్చి వెనక వరసలో కూర్చుని, అయిపోగానే ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకుండా వెళ్ళిపోయే మనిషి. పనిలోనూ అంతే. రెండు రోజులు నేల చదును చేసి, మూడో రోజు కాంక్రీటు పోసి, బద్దతో లాగి, తాపీతో నున్నగా చేసి వెళ్ళారు. నేను వారం రోజులు ఇసుక గట్లు కట్టి నీళ్ళు నిలిపాను. ఆ వేసవి మా పిక్కలు మా వాకిట్లోనే ఎండాయి. నాకు ఎంత సంబరమో చెప్పలేను.

ఆ సంబరం తొలకరి దాకానే. మొదటి వానలకి వెంట్రుకంత బీట కనిపించింది. దసరా సెలవులు వచ్చేసరికి వేలు పట్టేంత అయింది. కార్తీకంలో గేటు దగ్గర ముక్క కిందికి దిగింది. మేస్త్రి అన్నయ్యని పిలిపిస్తే, బీటలోని మట్టి గోకి, సిమెంటు పట్టించి వెళ్ళారు. నెల తిరక్కుండా పాత బీట పక్కనే కొత్త బీట పుట్టింది. మళ్ళీ పిలిచాను. మళ్ళీ పూశారు. మళ్ళీ పగిలింది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర ఆయన కనిపించారు. ఆ పొద్దున్నే నేను వాకిట్లో పాచి మీద జారి, పడబోయి నిలదొక్కుకున్నాను. ఆ కోపం ఇంకా దిగలేదు.

"అన్నయ్యా, ఎంత సిమెంటు మిగిల్సుకున్నారో ఏటో గానీ, ఏడాది తిరక్కుండా మా గచ్చు ముక్కలైపోనాది" అన్నాను, పదిమంది వింటుండగా.

చెప్పులు వేసుకోబోతున్న మనిషి ఆగిపోయారు. "నాను తక్కువ యెయ్యలేదు టీచరమ్మా. ఎంత కలపాలో అంతే కలిపినాను."

"నాను సూసినాను గనకే అంతన్నాను."

ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. నిజానికి నేను చూడలేదు. కాంక్రీటు కలిపిన రోజు నేను బడిలో ఉన్నాను. అయినా ఆ మాట అనేశాను. అంతటితో ఊరుకున్నానా, లేదు. వీధి బోరింగు దగ్గర, స్టాఫ్ రూములో, పెళ్ళి భోజనాల్లో, ఎవరు ఇల్లు కట్టుకుంటున్నామన్నా మా గచ్చు కథ చెప్పేదాన్ని. మేస్త్రి ఎవరని అడిగితే దాచేదాన్ని కాదు.

రెండో మేస్త్రి సోంపేట నుంచి వచ్చాడు. మాటకారి. గచ్చు చుట్టూ ఒకసారి తిరిగి, చెప్పుతో రెండుసార్లు తట్టి, "ఇదేటి పనమ్మా! రెండంగులాలు పైన యేసీసి వాటం వీధేపు తిప్పీసినానంటే మరి పదేళ్ళు సూసుకోనక్కర్లేదు" అన్నాడు. వేశాడు కూడా. అద్దంలా వచ్చింది. బకెట్టు నీళ్ళు పోసి చూపించాడు, అవి బుద్ధిగా వీధివైపు పారాయి. నాలుగు నెలలు గడిచాయి. పైన వేసిన పొర అప్పడంలా లేచి, కాలు పెడితే టకటకమని చప్పుడు చేయడం మొదలుపెట్టింది. ఆ బరువుకి కింది గచ్చు ఇంకాస్త దిగింది. ఫోను చేస్తే, "మీ నేల మంచిది కాదమ్మా, నానేటి సేత్తాను" అన్నాడు. ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. వాడి మాటలో కాస్త నిజం ఉందని అప్పుడు నాకు తట్టలేదు. అందరూ మోసగాళ్ళే అనుకుని పళ్ళు నూరుకున్నాను.

అప్పటిదాకా ఈ విషయంలో తలదూర్చని మా ఆయన మూడో ఏడు రంగంలోకి దిగారు. బస్సులో వస్తూ ఫోనులో ఏవో వీడియోలు చూశారట. విదేశాల్లో ఎవరో కుంగిన గచ్చుకి కన్నాలు పెట్టి, గొట్టంతో లోపలికి నురుగులాంటిది ఎక్కిస్తుంటే, లారీ బరువున్న పలక మెల్లగా పైకి లేచి సమమైపోతోంది. ఆయన ఆ వీడియో నాకు నాలుగుసార్లు చూపించారు.

"సూడే, పగలగొట్టక్కర్లేదు, ఏటక్కర్లేదు. గంటలో పని."

టెక్కలిలో అడిగారు, పలాసలో అడిగారు. ఆ పని చేసేవాళ్ళు ఎవరూ దొరకలేదు. విశాఖపట్నంలో ఎవరికో ఫోను చేస్తే, ఫ్యాక్టరీలకైతే వస్తాం గానీ ఇంటి వాకిలికి అంత దూరం రామన్నారు. దాంతో, "మనమే సేసీవొచ్చు" అన్నారు మా ఆయన. ఒక రెండో శనివారం పలాస నుంచి డ్రిల్లింగ్ మిషను అద్దెకి తెచ్చి, గచ్చుకి తొమ్మిది కన్నాలు పెట్టారు. బకెట్టులో సిమెంటు పాలు కలిపి, గరాటు పెట్టి, ఒక్కో కన్నంలో పోయడం మొదలెట్టారు. మొదటి కన్నం రెండు బకెట్లు తాగింది. మూడో బకెట్టూ తాగింది. మధ్యాహ్నానికి తెచ్చిన సిమెంటంతా అయిపోయింది. ఒక్క కన్నం కూడా నిండలేదు. గచ్చు ఒక్క నూలు కూడా లేవలేదు.

"ఇదంతా ఎక్కడికి పోతన్నాదండీ?" అని అడిగాను.

"భూమిలోకి. ఇంకెక్కడికి పోతాది?" అన్నారు చిరాగ్గా. చొక్కా మీద చిందిన సిమెంటు ఎండి అట్టకట్టింది. ఆయన మొహం చూస్తే నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మర్నాడు చూస్తే మా ప్రహరీ మూలనున్న ఎలకబొరియలోంచి బూడిదరంగు పాలు కారి గడ్డకట్టి ఉన్నాయి. ఇన్ని బకెట్లు అక్కడెక్కడో ఖాళీలోకి పోయాయంటే కింద ఏదో ఉందని చిన్నపిల్లలకైనా తోచాలి. మాకు తోచలేదు. డ్రిల్లింగ్ మిషను అద్దె దండగైందని ఒకళ్ళనొకళ్ళం అనుకుని ఊరుకున్నాం.

మా సంఘంలో శుక్రవారం సాయంత్రాలు ఇంటింటి కూడికలుంటాయి. వంతుల ప్రకారం ఒక్కో వారం ఒక్కో ఇంట్లో పాటలు, ప్రార్థన, టీ. ఆ ఏడు శీతాకాలంలో మా వంతు వచ్చింది. పదిమందీ వచ్చే వేళకి ఆ బీట కనిపించకూడదని దాని మీద కొబ్బరిపీచు పట్టా పరిచాను. పట్టా కొత్తది. వాకిలి చూడ్డానికి బాగుందనే అనుకున్నాను. పాస్టరమ్మగారు చేతిలో బైబిలు, పాటల పుస్తకం పట్టుకుని, నన్ను చూసి నవ్వుతూ గేటులోంచి వచ్చారు. పట్టా కింద ఎత్తుపల్లాలున్నాయని ఆవిడకేం తెలుసు? కాలు తన్నుకుని ముందుకు పడ్డారు. కుడిచెయ్యి నేలకి ఆన్చారు. ఆ చప్పుడు నాకు వినిపించింది.

ఆటోలో పలాస ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మణికట్టు విరిగిందన్నారు. పిండికట్టు వేస్తున్నంతసేపూ ఆవిడ, "నీ తప్పేటీ లేదమ్మా, నానే సూసుకోలేదు" అంటూనే ఉన్నారు. ఆ మాట అన్నకొద్దీ నాకు సిగ్గేసింది. పట్టా పరిచింది ఎందుకో నాకు తెలుసు. ఆవిడకి చెప్పలేకపోయాను.

మళ్ళీ మా వంతు రావాల్సిన నెలలో చర్చిలో కూడికల పట్టిక చదివారు. అందులో మా ఇల్లు లేదు. అడిగితే, "మీకెందుకమ్మా ఇబ్బంది, వాకిలి బాగైనాక సూద్దాం" అన్నారు. మర్యాదగానే అన్నారు. నేను ఇంటికి వచ్చి గేటు దగ్గర నిలబడి ఆ గచ్చుని చూశాను. ఒక పలక సిమెంటు నన్ను ఇంత చిన్నబుచ్చుతుందా అనిపించింది. ఆ సాయంత్రం మా ఆయన బస్సు దిగి రాగానే, "పూతలొద్దు, గరాటాలొద్దు. మొత్తం పగలగొట్టించేద్దాం" అన్నాను. ఆయన సరేనన్నారు.

వేసవి సెలవుల్లో టెక్కలి నుంచి ఒక మేస్త్రిని, ఇద్దరు కూలీలని మాట్లాడి తెచ్చారు మా ఆయన. మనుషులు చాలకపోతే మా వీధిలో ఉండే ఒక కూలి మనిషిని నేనే పిలిచాను. యాభై దాటిన ఆడమనిషి. గునపం పట్టిందంటే మగవాళ్ళకి తీసిపోదు. మా ఆయన ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నారు. ఎండ ముదరక ముందే సమ్మెట దెబ్బలు మొదలయ్యాయి. గచ్చు అంచుల్లో గట్టిగా ఉంది. దెబ్బకి నిప్పులు లేచాయి. "కాంక్రీటు బాగానే ఏసినారు. మాల్ మంచిదే" అన్నాడు టెక్కలి మేస్త్రి, విరిగిన ముక్కని అటూ ఇటూ తిప్పి చూస్తూ. ఆ మాట నా చెవిన పడింది. పడనట్టే ఉండిపోయాను.

మధ్య భాగానికి వచ్చేసరికి ఆ కూలి మనిషి పొడిచిన గునపం ఒక్కసారిగా మూరెడు లోపలికి దిగిపోయింది.

"ఓలమ్మా! దిగిపోనాది!" అని వెనక్కి గెంతింది.

ముక్కలు లాగి పక్కన పడేశారు. కింద జానెడు ఖాళీ. ఆ ఖాళీ కింద నల్లగా చివికిన కొబ్బరి దుంగలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. చేత్తో నలిపితే పొడైపోతున్నాయి. మొదళ్ళ దగ్గర బొటనవేలంత లావు తెల్లటి పురుగులు. వాసనకి చీరచెంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. ఆ దుంగల సందుల్లో మా ఆయన పోసిన సిమెంటు పాలు గడ్డలు గడ్డలుగా బిగుసుకుని ఉన్నాయి.

"ఈటినెవులు పాతినారు?" అన్నారు మా ఆయన.

కూలి మనిషి చెమట తుడుచుకుంటూ నావైపు చూసింది. "మర్సిపోనారేటి టీచరమ్మా? తుపానేడు మీరే కదేటి తోయించినారు. నానూ ఉన్నాను ఆ రోజు. దుంగలూ మొదళ్ళూ అన్నీ గోతిలోకి తోసీసి పైన ఇసక కప్పీమన్నారు."

ముందు నాకు ఆ మనిషి మీద కోపం వచ్చింది. అందరిలోనూ అలా అనాలా అనుకున్నాను. ఆ తర్వాత, ఒకదాని వెనక ఒకటి, ఆ రోజులన్నీ గుర్తొచ్చాయి.

తుపాను వెళ్ళిన మర్నాడు మా వాకిట్లో, పెరట్లో కలిపి పదకొండు కొబ్బరిచెట్లు పడి ఉన్నాయి. ఒకటి గుమ్మానికి అడ్డంగా పడింది. దాన్ని దాటుకునే బయటికి వెళ్ళాల్సి వచ్చేది. కరెంటు లేదు. తాగే నీళ్ళకి లైను. ఆఫీసువాళ్ళు మా ఆయన్ని తుపాను సాయం పంచే పనులకి వేసేశారు, పది రోజులు ఇంటి మొహం చూడలేదు. దుంగల కింద పాములు చేరాయి. మా పిల్లలు అప్పటికి చిన్నవాళ్ళు. ఊళ్ళో ఎవరి దుంగలు వాళ్ళకే బరువు, ఊరికే ఇస్తామన్నా తీసుకెళ్ళేవాళ్ళు లేరు. మా ఇంటి ముందు, ఇల్లు కట్టినప్పుడు పునాదికి మట్టి తీసిన గొయ్యి ఒకటి అలాగే ఉండిపోయింది. వీధిలో చెట్లు తీయడానికి పొక్లెయినర్ వస్తే, దాని డ్రైవర్ని బతిమాలి ఆ దుంగలన్నీ అందులోకి తోయించాను. కూలీలతో ఇసుక కప్పించాను. మా ఆయన తిరిగి వచ్చేసరికి అక్కడ చదునైన ఇసుకే ఉంది, చెట్లు పొక్లెయినరే తీసుకెళ్ళిందనుకున్నారు. ఆ సాయంత్రం వాకిలి ఖాళీ అయితే నాకు ప్రాణం లేచి వచ్చింది. రెండేళ్ళ తర్వాత దాని మీదే గచ్చు పోయించాను.

ఆ మధ్యాహ్నం కూలీలు అన్నాలకి వెళ్ళాక మా ఆయన అరుగు మీద కూర్చుని అన్నారు: "నాలుగేళ్ళ బట్టి ఆ మేస్త్రిని తిడతన్నావు. నాను గరాటా పెట్టి పోత్తంటే పక్కన నిలబడి సూసినావు. ఒక్క ముక్క సెప్పొచ్చు కదే!"

"గుర్తు లేదండీ. గుర్తుంటే నానెందుకు ఊరుకుంతాను?"

"గుర్తు లేదా, గుర్తు సేసుకోలేదా?"

ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ రోజులు తలుచుకోవడం ఇష్టం లేక, వాటితో పాటు ఆ గోతిని కూడా మనసులోంచి తీసేశానేమో. దుంగలు మట్టిలో కలిసిపోయి ఉంటాయనుకున్నానేమో. ఏదైతేనేం, తప్పు నాది. తిట్లు తిన్నది ఇంకొకరు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి అన్నయ్య ఇంటికి వెళ్ళాను. వాళ్ళ ఇల్లు ఊరి చివర జీడితోటల పక్కన. ఆయన వాకిట్లో కొబ్బరికాయలు ఒలుస్తున్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు గానీ, రమ్మనలేదు, కూర్చోమనలేదు. నేను నిలబడే అంతా చెప్పాను. దుంగల సంగతి, ఎవరు పాతించిందీ, అంతా.

"నా మాట వల్ల మీకు పనులు తప్పిపోయినాయని తెల్సు అన్నయ్యా. నన్ను క్షమించండి."

ఆయన చేతిలోని కాయని పక్కన పెట్టారు. "గచ్చు యేసే ముందర నాను అడిగినాను టీచరమ్మా. కింద ఏటున్నాది, ఎప్పుడు పూడ్సినారు అని. ఇసకే అన్నయ్యా, పాత నేలే అన్నారు మీరు."

అడిగిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. బడికి ఆలస్యమవుతోందని చెప్పులు తొడుక్కుంటూ జవాబిచ్చాను.

"వొచ్చి పని మీరే సెయ్యాల అన్నయ్యా. ఇంకొకళ్ళ సేత సేయించలేను" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "మీరు ఆ మాట సర్చి ముందర అన్నారు. అందరూ యిన్నారు. ఇప్పుడు ఇక్కడ, ఎవుళూ లేనికాడ సెప్తన్నారు." అంతే అన్నారు. మళ్ళీ కూర్చుని కాయ చేతిలోకి తీసుకున్నారు.

తిరిగి వస్తుంటే ఆయన మీద కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ నా మీద నాకే వచ్చింది. ఆయన అన్నదాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళకి లేచి నిలబడ్డాను. మా వాకిట్లో గచ్చు కుంగడానికి కారణం మేస్త్రి కాదని, నేనే కొబ్బరి దుంగలు పాతించి దాని మీద పోయించానని, ఆయన సిమెంటు తక్కువ వేయడం చూశానని అబద్ధం చెప్పానని చెప్పాను. పట్టా పరిచిన సంగతి కూడా చెప్పాను. పాస్టరమ్మగారు తల వంచుకుని విన్నారు. సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు చెబుతారు గానీ, గచ్చు గురించి ఎవరూ చెప్పరు. వెనకనుంచి ఎవరో నవ్వారు కూడా. వెనక వరసవైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఆరాధన అయ్యాక బయటికి వస్తే మేస్త్రి అన్నయ్య అప్పటికే వెళ్ళిపోయారు.

పనికి ఆయన రాలేదు. టెక్కలి మేస్త్రే చేశాడు. దుంగలు, పురుగులు, సిమెంటు గడ్డలు అన్నీ తీసేసరికి గొయ్యి నా ఎత్తుకి వచ్చింది. ట్రాక్టర్లతో ఎర్ర గ్రావెల్ తోలించాం. అడుగు మందాన పరచడం, నీళ్ళు కొట్టడం, దిమ్మిసతో కొట్టి బిగించడం. మళ్ళీ ఇంకో అడుగు. దిమ్మిస చప్పుడుకి ఇంట్లో గిన్నెలు కదిలేవి. ఎర్రదుమ్ము అన్నంలో పడేది. వారం రోజుల తర్వాత నేల సమానమైంది. మేస్త్రి మర్నాడే కాంక్రీటు పోసేస్తానన్నాడు. అతనికి టెక్కలిలో ఇంకో పని కాచుకుని ఉంది.

ఆ సాయంత్రం మేస్త్రి అన్నయ్య సైకిలు మీద మా వీధిలో పోతూ గేటు దగ్గర ఆగారు. దిగలేదు. ఒక కాలు నేలకి ఆన్చి, లోపలికి చూసి, "ఒక వానాకాలం తగలనీండి. ఎంత కొట్టినా వానకి ఇంకా దిగుతాది. బేగిపడకండి" అన్నారు. నేను గేటు దాకా వచ్చేలోపే వెళ్ళిపోయారు.

టెక్కలి మేస్త్రి ఒప్పుకోలేదు. "ఎవుడో దారినపోయేవోడి మాట ఇని పని ఆపుతారేటి?" అని విసుక్కున్నాడు. మా ఆయన కూడా ఊగిసలాడారు. నేను మాత్రం ఆపించాను. దాని ఫలితంగా ఆ వానాకాలమంతా ఎర్రబురద. కాళ్ళు కడుక్కుని కడుక్కుని చర్మం పగిలింది. ఉతికిన తెల్లబట్ట ఒక్కటి తెల్లగా లేదు. ఇంటికి వచ్చినవాళ్ళు, "ఇంకా అవ్వలేదేటి?" అని అడిగినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. కానీ వానలు వెనకబట్టాక చూస్తే, గొయ్యి ఉన్న చోట నేల అరచెయ్యి మందాన దిగి ఉంది. తొందరపడి పోయించి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు భయమేసింది.

దిగినమేరకి మళ్ళీ గ్రావెల్ నింపి బిగించాక, శీతాకాలంలో కాంక్రీటు పోయించాం. ఈసారి ఒకే పలకగా కాకుండా, మధ్యలో సన్నటి సందులు వదిలి నాలుగు ముక్కలుగా పోశారు. మేస్త్రి ట్యూబులో నీళ్ళు నింపి రెండు మూలలా మట్టం పట్టి చూస్తుంటే, నేను బడికి సెలవు పెట్టి పొద్దుటినుంచి సాయంత్రం దాకా అక్కడే నిలబడ్డాను. ఎన్ని గమేళాల ఇసుకకి ఎంత సిమెంటు వేస్తున్నదీ స్వయంగా చూశాను. అతనికి నా కాపలా నచ్చలేదు. "నమ్మకం లేదేటి మేడమ్?" అన్నాడు. నమ్మకం లేక కాదు, చూడకుండా ఇంకెవరినీ ఏమీ అనకూడదనుకున్నానని చెబితే అతనికి అర్థం కాలేదు.

ఇప్పటికి ఒక వానాకాలం గడిచింది. గచ్చు కుంగలేదు. ఒక మూల వెంట్రుకంత గీత పడింది. అది ఎండకి పై పొర మీద పడిన గీతేనని మేస్త్రి ఫోనులో ఫొటో చూసి చెప్పాడు. నేను పెన్సిలుతో దాని చివర గుర్తు పెట్టి, వారానికొకసారి వంగి చూశాను. అది ఆ గుర్తు దాటలేదు. మేస్త్రి అన్నయ్యకి ఊళ్ళో మళ్ళీ పనులు దొరుకుతున్నాయి. నాతో మాత్రం ఆయన మాట కలపరు. ఎదురుపడితే తల ఊపుతారు, నేనూ ఊపుతాను. అంతకంటే ఎక్కువ ఆశించే హక్కు నాకు లేదు.

వాటం బాగా కుదరడమే కొత్త తంటా తెచ్చింది. మొన్న అల్పపీడనం వానకి మా వాకిట్లో నీళ్ళు ఒక్క చుక్క నిలవకుండా వీధిలోకి దూకాయి. వీధి పల్లం ఎటుందో చూసుకోవాలని మేస్త్రికీ తోచలేదు, నాకూ తోచలేదు. ఆ నీళ్ళన్నీ ఎదురింటి గేటు ముందు మడుగు కట్టాయి. ఎదురింటాయన లుంగీ ఎగ్గట్టుకుని వచ్చి, "టీచరమ్మా, మీ గచ్చు బాగున్నాది గానీ, మా బండి బురదలో దిగిపోనాది, సూడండి" అన్నాడు. ఆయన కోపం న్యాయమైనదే. ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఆయన పార, నేను గమేళా పట్టుకుని, గేటు నుంచి వీధి కాలువ దాకా అడుగు వెడల్పున గాడి తవ్వాం. ఎదురింటాయన కాసేపు చూసి, తనూ ఒక పార తెచ్చుకున్నాడు. పొద్దు వాలేసరికి నీళ్ళు కాలువలో పడ్డాయి. రెండు రోజులు నడుం పట్టేసింది.